చీకటి ఉంటేనే.. దేవయాని దర్శనం
చిన్న టెలిస్కోపు, సాధారణ కెమెరాతో 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీ ఫొటో

కార్తీక, మార్గశిర మాసాల్లో అమావాస్యకు అటూ ఇటూగా, రాత్రి తొమ్మిది గంటల వేళ ఉత్తరం వైపు తలెత్తి చూస్తే పల్చని పొగమరక వంటిది ఒకటి కనిపిస్తుంది. అది మబ్బు కాదు. ఆండ్రోమెడా అని పిలిచే దేవయాని గెలాక్సీ. అందులో లక్ష కోట్ల వరకు నక్షత్రాలు ఉంటాయని అంచనా. ఇది మనకు సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాంతి సంవత్సరమంటే దాదాపు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు. నేడు మన కంటికి చేరుతున్న ఆ వెలుగు, భూమిపై నేటి మానవజాతి పుట్టక ముందే బయలుదేరింది.

క్రీ.శ. 964లో పర్షియా ఖగోళవేత్త అల్ సూఫీ దీనిని చిన్న మబ్బుగా నమోదు చేశారు. 1923లో ఎడ్విన్ హబుల్ అమెరికాలోని మౌంట్ విల్సన్‌లో వంద అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఫొటోల్లో, ఇందులోని ఒక నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గులను గుర్తించారు. దాని ఆధారంగా ఇది మన పాలపుంతకు వెలుపల ఉన్న మరో గెలాక్సీ అని తేలింది.

ఇలా గుర్తించాలి
పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు నాలుగూ కలిసి ఆకాశంలో పెద్ద చదరంగా కనిపిస్తాయి. దాని ఈశాన్య మూల నుంచి అదే దిశగా వరుసలో రెండో నక్షత్రం వరకు వెళ్లాలి. ఉత్తరానికి తిరిగి, అక్కడి నుంచి ఎడమవైపు మసక నక్షత్రాలు రెండు దాటితే దేవయాని ఉంటుంది. చూసే ముందు అరగంట చీకట్లో ఉండాలి. సెల్‌ఫోన్ తెర చూడరాదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి. నేరుగా కాక కాస్త పక్కకు చూస్తే మరక స్పష్టపడుతుంది. బైనాక్యులర్ సరిపోతుంది. టెలిస్కోపులోనూ బూడిద రంగు మసకగానే కనిపిస్తుంది. అంత తక్కువ వెలుగులో కన్ను రంగులను పసిగట్టలేదు.

ఫొటో తీసేదిలా..
కెమెరా మాత్రం వెలుగును కూడబెట్టగలదు. అయితే భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు కదులుతుంది. కదలని స్టాండుపై కొద్ది సెకన్లకు మించితే నక్షత్రాలు గీతలుగా పడతాయి. అందుకే ఆకాశంతో పాటు తిరిగే మోటారు స్టాండు వాడతారు. ఒక్కొక్కటి నిమిషం, రెండు నిమిషాల చొప్పున పదుల కొద్దీ ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేరుస్తారు. అప్పుడే సర్పిల బాహువులు బయటపడతాయి. ఈ గెలాక్సీ చందమామకు ఆరు రెట్ల వెడల్పు ఉంటుంది కనుక, పెద్ద టెలిస్కోపు కన్నా 200 మిల్లీమీటర్ల లెన్సే అనువైనది.

ఇది కాలక్షేపం మాత్రమే కాదు. ఫ్రాన్స్, జర్మనీలకు చెందిన ముగ్గురు ఔత్సాహికులు ఎన్నో రాత్రులు శ్రమించి, దేవయాని పక్కన అంతవరకు ఎవరికీ తెలియని ఆక్సిజన్ వాయు చాపాన్ని కనుగొన్నారు. 2023 జనవరిలో ప్రకటించిన ఆ పరిశోధనకు వాడినది నాలుగు అంగుళాల టెలిస్కోపే.

వెలుగే అడ్డంకి
ఎంత ఖరీదైన పరికరమైనా ఆకాశం తెల్లబడితే నిష్ఫలమే. ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోపును హైదరాబాద్ నడిబొడ్డున కాక రంగాపూర్ గ్రామం వద్ద నెలకొల్పింది. పల్లెకు ఉన్న ఆ సొత్తు ఇప్పుడు కరిగిపోతోంది. వీధి దీపాలు వద్దని ఎవరూ అనరు. వాటి వెలుగు రోడ్డుపైనే పడేలా పైన మూత పెడితే చాలు. దారీ కనిపిస్తుంది, దేవయానీ కనిపిస్తుంది.