పుస్తకపు ఆయువు, గ్రంథస్వామ్యపు గడువు

విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి 1906లో హైదరాబాదున వెలసినది. చరిత్రను, ప్రకృతి శాస్త్రములను తెలుగున అందింపవలెనని పూనుకొన్న తొలి సంస్థలలో అది ఒకటి. దానికి ప్రాణమువంటివారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. వారి జన్మస్థలమైన పెనుగంచిప్రోలును, తిరువూరు ప్రాంతపు గంపలగూడెమును నేడు ఒకే ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. మండలి ప్రచురించిన మొదటి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. అది 1907లో అచ్చయినది. గంపలగూడెములోని విద్యార్థి తన ఫోనులో చదువుకొనునట్లు ఆ పుస్తకమును ఎవరి అనుమతియు లేకుండ ఇంటర్నెట్టులో ఉంచుటకు చట్టము ఎప్పుడు సమ్మతించినది? 2021 జనవరి 1వ తేదీన. అనగా పుస్తకము పుట్టిన 113 ఏండ్లకు!

ఇది ఎట్లు సంభవించినదో చూతము. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము అమలులో ఉన్నది. కాపీరైటునే గ్రంథస్వామ్యమందురు. రచనకు ప్రతులు తీయుటకు, దానిని ప్రజలకందించుటకు రచయితకుగల హక్కు అది. ఈ హక్కు రచయిత జీవించినంత కాలమును, మరణించిన మరుసటి జనవరి నుండి 60 సంవత్సరములును ఉండును. మొదట ఈ గడువు 50 ఏండ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాకూరు రచనలపై హక్కు ముగియవచ్చిన తరుణమున, 1992 నాటి సవరణతో దానిని 60కి పెంచిరి. ఠాకూరుగారి కొరకు పొడిగించిన ఆ పదేండ్లు అప్పటికి గడువు తీరని భారతీయ రచయితలందరి గ్రంథములకును వర్తించినవి.

కొమర్రాజువారు 1923లో గతించిరి. కావున వారి రచనలు 1974లోనే అందరి సొత్తైనవి. హరిసర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29న గతించిరి. ఒకే మండలిలో పనిచేసిన మిత్రుల గ్రంథములకు 47 ఏండ్ల వ్యత్యాసము. దీర్ఘాయుష్మంతుని పుస్తకము దీర్ఘకాలము బందీ యగును. హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకు నాయకులు కూడ. పుస్తకము ఊరూరికి చేరవలెనని పాటుపడినవారు.

ఇక కాగితము సంగతి. ఆ కాలపు అచ్చు కాగితములో ఎక్కువ భాగము కొయ్యగుజ్జుతో చేసినది. సిరా అలుకుకొనకుండుటకై గుజ్జులో ఒక చెట్టు జిగురును, పటికను కలిపెడివారు. ఈ పటిక తేమతో కలిసి ఆమ్లమును పుట్టించును. కాగితమునకు బలమునిచ్చునది సెల్యులోజు. అది చక్కెర అణువులు వేలకొలది వరుసగా కూడిన గొలుసు. ఆమ్లము ఈ గొలుసును ఎక్కడబడితే అక్కడ తెంపును. గొలుసులు పొట్టివగుకొలది కాగితము పెళుసెక్కును, మడిచినచోట విరుగును, తుదకు వ్రేళ్ళ నడుమ పొడియగును. వేడియు, తేమయు ఈ చర్యను వేగిరపరచును. మన కోస్తా జిల్లాలలో ఆ రెండింటికిని కొదువ లేదు. నూరేండ్లు నిండకముందే ఇట్లు శిథిలమైన పుస్తకములు మన పాత గ్రంథాలయములలో కొల్లలు. గడువు తీరునప్పటికి కాగితము మిగులకపోయినచో, ఆ హక్కు ముగిసినను ముగియకున్నను ఒక్కటే.

కాగితపు పుస్తకమును గ్రంథాలయము పదిమందికి ఎరువిచ్చినను కొత్త ప్రతి పుట్టదు. ఇంటర్నెట్టులో అట్లు కాదు. అక్కడ చదువుటయే ప్రతి తీయుట. దూరముననున్న యంత్రము పుటను అంకెలుగా మార్చి పంపును. దారిలోని యంత్రములు దానిని క్షణకాలము దాచి ముందుకు నెట్టును. తుదకు ఫోను జ్ఞాపకములో మరొక ప్రతి ఏర్పడును. ఇట్టి క్షణికమైన ప్రతులు నేరము కావని 2012 నాటి సవరణ చెప్పినది. ఆ సవరణయే మరొక మేలును చేసినది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయము తన వద్దనున్న పుస్తకమును భద్రపరచుటకై ఎలక్ట్రానిక్ ప్రతిని తీసి ఉంచుకొనవచ్చును. అనగా కాగితము చచ్చినను పుస్తకము బ్రతుకును. కాని గడువు తీరువరకు ఆ ప్రతిని ఇంటర్నెట్టున లోకమునకు చూపుటకు హక్కుదారుని అనుమతి కావలసినదే.

ఈ గీటును దాటిన పెద్ద ప్రయత్నము మనకు తెలిసినదే. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు బహుమానము పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకముల పథకమును తలపెట్టిరి. దానిలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకై హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలగు కేంద్రములలో వేలకొలది తెలుగు పుస్తకములను పుటపుటకు ఛాయలు తీసిరి. గడువు తీరనివి కూడ వానిలో కలిసినవి. కాపీరైటు చిక్కుల వలన తరువాత ఆ వెబ్‌సైటే తొలగినది. అదృష్టవశమున ఆ ఛాయలు చాలవరకు ఇంటర్నెట్ ఆర్కైవులో నిలిచియున్నవి.

హక్కుదారుల అభ్యంతరమును తీసిపారవేయరాదు. సొంత సొమ్ముతో నవల అచ్చొత్తించుకొన్న రచయితకు, మరునాడే అది వాట్సాపులో ఉచితముగా తిరిగినచో నష్టము కాక మరేమి? అట్టి దొంగతనమునకు చట్టము ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు జైలుశిక్ష విధించినది. అయితే అచ్చులో లేక, అంగడిలో లేక, హక్కు ఎవరిదో తెలియక పడియున్న పుస్తకము వేరు. దానిని ఎవరును అమ్ముటలేదు, ఎవరును కొనుటలేదు. హక్కుదారుని జాడ తెలియని రచనను ప్రచురించుటకు చట్టమున 31-ఎ సెక్షను ఒక మార్గము చూపినది. కాని దరఖాస్తునకు ముందు దేశమున అధికభాగము వ్యాపించిన ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయవలెను! గంపలగూడెమున మరచిపోయిన తెలుగు పుస్తకపు వారసుని ఇంగ్లీషు పత్రికలో వెదకుట వింతయే.

ఇంతకంటె సులభమైన దారి రచయితల చేతిలోనే కలదు. 21వ సెక్షను ప్రకారము రచయిత తన హక్కును పూర్తిగా గాని, కొంతమేరకు గాని వదలుకొనవచ్చును. దానికి రిజిస్ట్రారునకు నోటీసు పంపినను, బహిరంగ ప్రకటన చేసినను చాలును. వారసులు వ్రాతమూలకముగా అనుమతి నీయవచ్చును. అనుమతి లేనిచో 1976లో గతించిన విశ్వనాథ సత్యనారాయణగారి రచనలకు 2037 జనవరి వరకు, 1979లో గతించిన చలముగారి రచనలకు 2040 జనవరి వరకు వేచియుండవలెను. వారి తొలి ముద్రణల కాగితము మాత్రము ఇప్పటికే పసుపెక్కినది.