మీకు తెలుసా? దొంగ మార్చలేని ఆనవాలు

కవిటి కొబ్బరితోటలు దాటి కంచిలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే, ఇచ్ఛాపురం అవతల ఒడిశాయే. దొంగ చేతిలో పడిన కారు సరిహద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఫిర్యాదుకు మన పరిధి స్టేషనే వెతకక్కర్లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ కింద ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు.

నంబరు ప్లేటు మార్చేస్తారు. చాసిస్ నంబరు అంత తేలిగ్గా లొంగదు. అందులోని 17 స్థానాల్లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు రానేరావు. 1, 0 అంకెలతో పొరబడకుండా పెట్టిన నియమమిది. ఆ అక్షరాలు కనిపిస్తే గట్టిగా అనుమానించండి! మొదటి అక్షరం బట్టి తయారైన చోటూ తెలుస్తుంది: మన దేశపు కార్లకు 'ఎం', ఇటలీ ఫెరారీకి 'జెడ్'. పలాసలోనో టెక్కలిలోనో పాత కారు కొనేవాళ్లు ఆర్సీతో ఈ నంబరు సరిచూసుకుని తీరాలి.

బటన్ స్టార్ట్ కార్ల తాళాన్ని వీధి తలుపు పక్కన తగిలించకండి. దాని సిగ్నల్‌ను బయటినుంచే పరికరంతో అందుకుని కారు తెరిచే దొంగలున్నారు. మూత బిగుతుగా పట్టే రేకు డబ్బా ఆ సిగ్నల్‌ను చాలావరకు ఆపుతుంది.

దొరికిన కారు స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టాల్సిన పనిలేదు. ఫొటోలు, పూచీకత్తు తీసుకుని యజమానికి త్వరగా అప్పగించాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు చేసుకోవాలి.