వ్యాకరణం చెప్పిన కథ

సూత్రాలు ఒక పీరియడులో, కథలు మరొక పీరియడులో బోధించడం మన ఉన్నత పాఠశాలల ఆచారం. ఈ రెండింటి నడుమ ఉన్న గోడను తొలగిస్తే విద్యార్థికి దక్కేదేమిటి?

తొమ్మిదో తరగతి గదిలో నల్లబల్ల మీద ఒక ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. రాముడు రావణుని చంపినట్లు చెప్పే వాక్యమది. దానిని పాసివ్ వాయిస్‌లోకి మార్చమంటారు ఉపాధ్యాయులు. నలభై కలాలు ఒక్కసారిగా కదులుతాయి. కర్తృపదం వెనుకకు పోతుంది, కర్మపదం ముందుకు వస్తుంది, నడుమ ‘వాజ్’ చేరుతుంది, చివర ‘బై’ చేరుతుంది. జవాబు సరిపోయింది; మార్కు పడింది. కాని ఒక మనిషి తన మాటను అలా తిప్పి ఎందుకు చెబుతాడు, ఎటువంటి అవసరం వస్తే చెబుతాడు అన్న ప్రశ్న ఆ గదిలో పుట్టదు.

మరునాడు అదే పీరియడులో కథ. ఉపాధ్యాయులు ఒక్కొక్క పేరా చదివి తెలుగులో అర్థం చెబుతారు. చివర ఫలానా పాత్ర స్వభావాన్ని వర్ణించమనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు గైడులో సిద్ధంగా ఉన్నది. కథ చదివి కంట తడి పెట్టినవాడూ, అసలు చదవనివాడూ ఒకే జవాబు రాస్తారు. ఇద్దరికీ ఒకే మార్కు వస్తుంది.

ఇట్లా ఒకే భాషకు చెందిన రెండు అంగాలు ఒకదానినొకటి ఎరుగకుండా విద్యార్థి పుస్తకాల సంచిలో పక్కపక్కనే పడి ఉంటాయి.

వ్యాకరణకర్తే కథకుడు

భారతదేశంలో ఇంగ్లీషు వ్యాకరణమనగానే ‘రెన్ అండ్ మార్టిన్’ పేరు స్ఫురిస్తుంది. 1930లలో వెలువడిన ఆ హైస్కూలు వ్యాకరణం తరతరాల విద్యార్థుల చేతులలో నలిగింది, నేటికీ అమ్ముడుపోతున్నది. దానిని తరువాతి కాలపు విద్యార్థులకు అనువుగా సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు పేరు కూడా ఆ పుస్తకం మీద చాలామంది చూసే ఉంటారు.

కాని ఆ జంట పేర్లలో మొదటివాడైన పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ కథకుడన్న సంగతి ఆ పుస్తకం వల్లె వేసినవారిలో ఎందరికో తెలియదు. 1875లో జన్మించిన ఈ ఆంగ్లేయుడు భారత విద్యాశాఖ ఉద్యోగిగా బొంబాయి రాష్ట్రంలో పనిచేశాడు. ఫ్రెంచి విదేశీ సైనికదళాన్ని నేపథ్యంగా తీసుకొని 1917లో ఒక కథాసంపుటి ప్రకటించాడు. 1924లో వెలువడిన ‘బో జెస్ట్’ నవల అతనికి విశేషఖ్యాతి తెచ్చింది. 1926లోనూ 1939లోనూ చలనచిత్రంగా వచ్చింది. వాక్యాలను విడదీసి భాగాలకు పేర్లు పెట్టిన చెయ్యే, అవే వాక్యాలను కూర్చి పాఠకుని ఊపిరి బిగబట్టించింది. అతని దృష్టిలో వ్యాకరణమూ కథా వేరువేరు లోకాలు కాజాలవు. వేరు చేసింది మన కాలపట్టిక.

తెలుగు పిల్లవాని చిక్కు

తెలుగు పిల్లవానికి ఇంగ్లీషు వ్యాకరణం కష్టమనిపించడానికి తెలివితక్కువ కారణం కాదు. అతని నోట అప్పటికే మరొక వ్యాకరణం స్థిరపడి ఉన్నది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్తను అంటిపెట్టుకొని నడుస్తుంది. మన విభక్తి పదం వెనుక చేరుతుంది. వారి ప్రిపొజిషన్ ముందు నిలుస్తుంది. మనం ‘నాకు ఆకలిగా ఉన్నది’ అంటాము; ఇంగ్లీషువాడు తానే ఆకలిగా ఉన్నానంటాడు. ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు, అతడు నిన్న పలికిన మాట కాలం మారకుండా అట్లాగే మన వాక్యంలో ఒదిగిపోతుంది. ఇంగ్లీషులో ఆ ‘రేపు’ కూడా ‘మరునాడు’గా మారాలి, క్రియ ఒక మెట్టు వెనుకకు జరగాలి.

ఇక ‘ఎ’, ‘ది’ అనే ఆర్టికిల్స్ సంగతి చెప్పనక్కరలేదు. ‘ఒక’ అన్న మాట మనకున్నది గాని, ప్రతి నామవాచకం ముందూ ఈ కావలివాళ్ళను నిలబెట్టే అలవాటు మనకు లేదు. అందుకే పిల్లలు వాటిని ఉప్పు చల్లినట్లు తోచినచోట చల్లుతారు. సూత్రం చెప్పినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. ఆ చిన్న మాట ఉంటే ఏమవుతుంది, లేకుంటే ఏమవుతుంది అన్నది కళ్ళకు కనిపించాలి. కథ దానిని కంటికి చూపగలదు.

ఇరవై ఏళ్ళ తరువాత

పాఠశాలల కథాసంకలనాలలో తరచు కనిపించే ఓ. హెన్రీ కథ ‘ఆఫ్టర్ ట్వెంటీ ఇయర్స్’ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 1906లో వెలువడిన ‘ది ఫోర్ మిలియన్’ సంపుటిలో ఇది ఉన్నది. రాసినవాని అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్. బ్యాంకు సొమ్ము అపహరించాడన్న నేరం మీద మూడేళ్ళకు పైగా జైలులో గడిపినవాడు. చట్టమూ స్నేహమూ ఎదురుబొదురుగా నిలిచే కథ అతని కలం నుండి రావడంలో వింత లేదు.

న్యూయార్కు నగరం, రాత్రివేళ. గస్తీ తిరుగుతున్న పోలీసుకు ఒక చీకటి దుకాణం గుమ్మంలో నిలబడిన మనిషి కనిపిస్తాడు. ఆ మనిషి, బాబ్, తనంత తానే కారణం చెబుతాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే రాత్రి తన ప్రాణమిత్రుడు జిమ్మీ వెల్స్‌తో ఇక్కడే భోజనం చేశాడు. ఇరవై ఏళ్ళకు మళ్ళీ ఇక్కడే కలుసుకోవాలని ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. చుట్ట వెలిగించుకోవడానికి గీసిన అగ్గిపుల్ల వెలుగులో అతని ముఖం కనిపిస్తుంది. పోలీసు వెళ్ళిపోతాడు. కొంతసేపటికి పొడుగాటి మనిషి ఒకడు, కోటు కాలరు చెవులదాకా ఎత్తుకొని వస్తాడు. స్నేహితులిద్దరూ చేయీ చేయీ పట్టుకొని నడుస్తారు. మందులషాపు దీపాల వెలుగులో బాబ్ అతని ముక్కు చూసి, ఇతడు జిమ్మీ కాడని గుర్తిస్తాడు. వచ్చినవాడు మఫ్టీ పోలీసు. బాబ్‌ను నిర్బంధించి, చేతికొక చీటీ ఇస్తాడు. రాసినవాడు జిమ్మీ. మొదట వచ్చి మాట్లాడి వెళ్ళిన పోలీసు అతడే.

ఇప్పుడు ఆర్టికిల్స్ పాఠం చెప్పవచ్చు. కథ మొదటి వాక్యంలోనే ఆ పోలీసు ముందు ‘ది’ నిలిచి ఉన్నది. అప్పటికి అతడెవరో పాఠకునికి తెలియదు. అయినా ‘ది’ అనడంతో, వీధి దీపంలాగా అతడు ఆ వీధికి చెందినవాడేనని సరిపెట్టుకుంటాడు, పేరు అడగడు. రెండవవాడు వచ్చినప్పుడు అతని ముందున్నది ‘ఎ’. అంటే ఎవరో ఒకడు. అతనిని జిమ్మీ అని పిలిచేది బాబ్ మాత్రమే. కథకుడు తన నోటితో ఒక్కసారైనా అతనిని ఆ పేరుతో పిలువలేదు. ‘వచ్చినవాడు’, ‘రెండవవాడు’ అని మాత్రమే అన్నాడు. కథకుడు అబద్ధమాడలేదు. చిన్న మాటలను చదవకుండా దాటిపోయిన పాఠకుడే మోసపోయాడు. ఈ సంగతి గ్రహించిన విద్యార్థి ‘ఎ’, ‘ది’లను మళ్ళీ తేలికగా చూడడు.

నువ్వు కాదు, ఆ మనిషి

చీటీలో మరొక పాఠమున్నది. అగ్గిపుల్ల వెలుగులో తాను చూసినది నీ ముఖమని జిమ్మీ రాయలేదు. షికాగోలో వెతుకుతున్న మనిషి ముఖమని రాశాడు. ఇరవై ఏళ్ళ స్నేహితుడు ఒక్క వాక్యంలో ‘నువ్వు’ నుండి ‘ఆ మనిషి’గా మారిపోయాడు. ఎవరు వెతుకుతున్నారో చెప్పని ఆ పదం కర్మణి రూపంలో ఉన్నది. వెతికేది చట్టం, అందులో తానూ ఒక భాగమే. ఆ మాట తన నోట రాకుండా తప్పించుకోవడానికి కర్త లేని ఆ రూపం అతనికి ఆశ్రయమిచ్చింది. నల్లబల్ల మీది పాసివ్ వాయిస్‌కు ప్రయోజనమేమిటో ఇక్కడ తెలుస్తున్నది.

నిర్బంధించడం తన చేత కాలేదంటాడు జిమ్మీ. అధికారమున్నది, చేతిలో లాఠీ ఉన్నది, చాలనిది మనసు. అందుకే మరొకని చేత ఆ పని చేయించాడు. ఈ మాట చెప్పడానికి ఇంగ్లీషుకు ఒక సహాయక్రియ, దాని వెంట మరికొన్ని పదాలు కావాలి. తెలుగుకు ఒక్క ప్రత్యయం చాలును. అతడు పట్టుకోలేదు, పట్టించాడు.

ఈ కథను తెలుగు చేయబూనిన విద్యార్థికి ఇంకొక అడ్డంకి ఎదురవుతుంది. ఇక్కడ కలుసుకోవాలని అనుకున్నామంటూ బాబ్ పోలీసుతో చెప్పేటప్పుడు వాడినది ‘వియ్’ అనే సర్వనామం. దానిని ‘మేము’ అనాలా, ‘మనము’ అనాలా? ఎదుటివాడు పరాయి పోలీసని బాబ్ నమ్మకం. కనుక ‘మేము’ అనక తప్పదు. కాని ఎదుట నిలబడి వింటున్నది జిమ్మీయే. నిజానికి ఆ మాట ‘మనము’. ఇంగ్లీషులో ఒక్క మాట కింద దాగిన ఈ బాధను తెలుగు పిల్లవాడు మాత్రమే తన సొంత వ్యాకరణంతో పైకి తీయగలడు. ఇంగ్లీషు తరగతిలో మాతృభాష అడ్డంకి అన్న అభిప్రాయానికి ఇంతకు మించిన సమాధానం అక్కరలేదు.

పరీక్షకు అవతల

ఇది కేవలం సాహితీప్రియుల ముచ్చట కాదు. పల్లెటూరి విద్యార్థికి ఇంగ్లీషు పేపరు పై చదువుకూ ఉద్యోగానికీ తలుపు. ఆ తలుపు ముందు ఆగిపోయినవారిలో సమర్థులూ ఉన్నారు. ఇంగ్లీషులో రాసి ప్రపంచఖ్యాతి గడించిన ఆర్.కె. నారాయణ్ అంతటివాడు విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఇంగ్లీషులోనే తప్పాడు.

అర్థం మీద దృష్టి నిలిపితే వ్యాకరణం తనంత తాను పట్టుబడుతుందన్న నమ్మకంతో ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 దాకా దక్షిణ భారత పాఠశాలలలో ఒక ప్రయోగం నడిపారు. బెంగుళూరు ప్రాజెక్టుగా పేరొందిన ఆ ప్రయోగం దేశవిదేశాలలో చర్చకు వచ్చింది. సూత్రాలను పూర్తిగా విడిచిపెట్టాలా వద్దా అన్న వాదం నేటికీ తెగలేదు. విడిచిపెట్టనక్కరలేదు. సూత్రం చెప్పిన రోజునే అది ప్రాణం పోసిన కథను పక్కన పెడితే చాలును. దీనికి కొత్త పుస్తకాలు అక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు. కథ చదివిన తరువాత ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలు వేయాలి. ఇక్కడ ఈ మాటే ఎందుకు? మరొక మాట ఉంటే ఏమి మారేది? మన భాషలో దీనిని ఎట్లా అంటాము? వీటికి జవాబు ఏ గైడులోనూ దొరకదు. పుస్తకంలోకే తిరిగి చూడాలి.

ఆ మరునాడు నల్లబల్ల మీద రాముడు రావణుని మళ్ళీ చంపవచ్చు. వాక్యాన్ని తిప్పి రాయమని ఉపాధ్యాయులు మళ్ళీ అడగవచ్చు. కాని ఈసారి వెనుక బల్ల నుండి ఒక చెయ్యి పైకి లేస్తుంది. “అట్లా ఎవరు చెప్పారండీ? రాముడా, మండోదరా?”