మిగిలిన కూరగాయలు ఎవరికి ఇవ్వాలి?

వానాకాలం దాటి చలి మొదలయ్యేసరికి మన హాస్టలు తోటలో బెండ, వంకాయ, టమాట, పుంటికూర అన్నీ ఒక్కసారే కాస్తాయి. మన వంటకు పోగా మిగులుతాయి. అమ్మితే ఏమొస్తుంది? ధర పడిపోయినప్పుడు పత్తికొండ మార్కెట్ దగ్గర రైతులు టమాటలు రోడ్డు మీద పారబోసి పోతారు. పారబోసే బదులు లేనివాళ్లకు ఇస్తే మంచిది. కానీ ఇయ్యడానికి కూడా ఒక పద్ధతి ఉంది.

ఎవరికి?

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు పల్లెల్లో దీపావళి దాటితే చాలామంది సుగ్గికి పోతారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోయి ఎండాకాలం తిరిగి వస్తారు. కొన్ని ఇండ్లకు తాళం పడుతుంది. కొన్ని ఇండ్లలో అవ్వాతాతలు మాత్రం మిగులుతారు. వాళ్లకు రేషను బియ్యం ఉంటాయి, కానీ రేషనులో కూరగాయలు ఇవ్వరు. నడవలేని అవ్వ సంతకు ఎట్లా పోతుంది? కారం, రొట్టెతో రోజు గడుస్తుంది. మన తోట బాగా కాసే నెలలు, వాళ్ల ఇంట్లో మనుషులు లేని నెలలు ఒకటే. అందుకే మొదట వాళ్లకు ఇవ్వాలి.

ఎవరికి అవసరమో ఎట్లా తెలుస్తుంది?

తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. 1990లలో ఆ చుట్టుపక్కల ఊర్ల దళిత మహిళలు సంఘాలుగా చేరి, బీడు భూములు సాగు చేయించి, జొన్నలు ఊర్లోనే నిలవ పెట్టినారు. తిండికి ఇబ్బంది అయ్యే నెలల్లో పేదవాళ్లకు తక్కువ ధరకు ఇచ్చినారు. ఎవరు పేదవాళ్లో ఆఫీసర్లు తేల్చలేదు. ఊరివాళ్లే కూర్చుని తేల్చినారు. ఆ సంఘాల మహిళలు కూడా పేదవాళ్లే. ఇయ్యడానికి షావుకారు కానక్కర్లేదని దీనివల్ల తెలుస్తున్నది. మనం కూడా అంగన్‌వాడీ టీచరును, ఆశా అక్కను అడిగితే ఏ ఇంట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారో చెప్తారు.

ఎట్లా ఇవ్వాలి?

1. ముందు మన వంటకు తీసిపెట్టి, తర్వాతనే మిగులు లెక్క కట్టాలి.

2. పొద్దున్నే ఎండ రాకముందే కోయాలి. ఆకుకూర సాయంత్రానికే వాడిపోతుంది. తడి గోనెపట్ట కప్పి అదే రోజు పంపాలి.

3. దూరం ఊరికి దోర టమాటలు పంపాలి. ముదిరిన గుమ్మడికాయ కోయకుండా నీడన పెడితే నెలల తరబడి ఉంటుంది. దాన్ని ఆఖరున ఇవ్వవచ్చు.

4. కుళ్లినవి, పుచ్చినవి ఎరువు గుంతలో వేయాలి. మనం తినలేనిది ఇంకొకరికి ఇస్తే అది దానం కాదు.

5. ఇంకా మిగిలితే గోరుచిక్కుడు, టమాట, వంకాయ ఎండబెట్టి ఒరుగులు చేయాలి. తోట ఎండిపోయిన ఎండాకాలంలో అవే కూర.

6. ముసలివాళ్లను పిలిచి వరుసలో నిలబెట్టరాదు. ఇంటికి పోయి "అవ్వా, మా తోటలో కాసినాయి, తీసుకో" అని చేతికి ఇవ్వాలి. ఫోటో వద్దు. తీసుకునేవాళ్లకు సిగ్గు కలిగితే రెండోసారి తీసుకోరు.

సుగ్గికి పోయినవాళ్లు అక్కడ కూలి చేస్తూ, ఇంటి దగ్గర ముసలమ్మ తిన్నదో లేదో అని తలుచుకుంటా ఉంటారు. మనలో చాలామంది ఇండ్లలో ఇదే సంగతి. వార్డెన్ మేడమ్ గారు అనుమతి ఇస్తే ప్రతి శనివారం ఒక గంప పంపవచ్చు. కోయడానికి మనం ఉన్నాం. అందరూ ఆలోచించండి.

— 9వ తరగతి విద్యార్థిని