హైదరాబాదు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు: టిక్కెట్టుపై కనబడని గంటలు

హైదరాబాదు నుండి అమెరికా పడమటి తీరమందలి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు అతి దగ్గర దారిని కొలిచినను దూరము ఇంచుమించు 13,500 కిలోమీటర్లు. దుబాయి మీదుగా పోవువారికి అది 15,500 దాటును. దుబాయి వరకు 2,550 కిలోమీటర్లు. నాలుగు గంటలలో ముగియును. అసలు ప్రయాణము పిమ్మటిది. దుబాయి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములు దాదాపు ఎదురెదురు రేఖాంశములపై నున్నందున, వాని నడుమ అతి దగ్గర దారి ఉత్తరధ్రువ సమీపమునుండి పోవును. ఆ 13,000 కిలోమీటర్లకు సుమారు 16 గంటలు పట్టును.

కుమారునో కుమార్తెనో చూడబోవు వృద్ధ దంపతులు శీతకాలమున తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాదు విడిచిరనుకొందము. దుబాయిలో అచటి గడియారము ప్రకారము 6.30కు దిగి, 9 గంటలకు మరల విమానమెక్కి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ దినముననే మధ్యాహ్నము 1 గంటకు దిగుదురు. టిక్కెట్టు చూచినవారికి ఇది తొమ్మిది గంటల ప్రయాణము. నిజముగా గడచినవి 22½ గంటలు. వెలుపల ఎండ కాయుచుండగా వారి శరీరమునకు అర్ధరాత్రి దాటి 2.30 అయినది. రెండు నగరముల కాలములకు శీతకాలమున 13½ గంటలు, వేసవిలో 12½ గంటలు తేడా కలదు.

మధుమేహము గలవారు ఈ తేడాను మరచుట అపాయకరము. హైదరాబాదులో ఉదయము 7 గంటలకు ఇన్సులిన్ తీసికొని, మరల అమెరికాలో మరునాటి ఉదయము 7 గంటల వరకు ఆగినచో నడుమ 37½ గంటలు గడచును. తిరుగు ప్రయాణమున దినము కుదించుకొనుటచే మోతాదులు దగ్గరపడి, రక్తములోని చక్కెర మితిమీరి పడిపోవచ్చును. కావున టిక్కెట్టును ముందుగానే వైద్యునికి చూపి, ఏ మోతాదు ఎన్ని గంటలకో వ్రాయించుకొనవలెను. దిగువరకు చేతి గడియారమును భారత కాలమునందే ఉంచుట మేలు. ఇన్సులిన్‌ను పెద్దపెట్టెలో వేయరాదు. విమానపు సామానుల అరలోని చలికి గడ్డకట్టి చెడవచ్చును. అది చేతిసంచిలోనే, వైద్యుని చీటితో సహా ఉండవలెను.

1948 జూన్ 8న బొంబాయి నుండి లండనుకు బయలుదేరిన ఎయిర్ ఇండియా తొలి విమానము కైరో, జెనీవాలలో ఆగి పోయెను. ఇట్టి మజిలీలలో ప్రయాణికులకు కాళ్లు చాచి నడచు వీలు కలిగెడిది. నేడు ఎడతెగని ప్రయాణమే గొప్పగా ఎంచబడుచున్నది. కాళ్ల సంగతి అడుగువారు తక్కువ. నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్నవారి పిక్కల సిరలలో రక్తము గడ్డకట్టు అవకాశము ఇంచుమించు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించెను. ఆరోగ్యవంతులలో ఇది సుమారు 6,000 మందిలో ఒకరికి మాత్రమే. భయపడి ప్రయాణము మానవలసిన పని లేదు. కాని ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు, పూర్వము గడ్డలు ఏర్పడినవారు టిక్కెట్టు కొనకముందే వైద్యుని సలహా పొందవలెను. తక్కినవారు మెలకువగా నున్నంతసేపు గంటకొకసారి లేచి నడచుట, కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దింపుట చాలును. పక్కవారిని లేపుటకు మొగమాటపడి కదలక కూర్చుండు పెద్దలకు నడవ పక్క సీటు ముందే కోరవలెను. మరుగుదొడ్డికి పోవలసివచ్చునని నీరు త్రాగుట మానరాదు. విమానములోని గాలి మిక్కిలి పొడిగా నుండును.

రక్తపు గడ్డ లక్షణములు ఒక్కొక్కప్పుడు కొన్ని వారముల పిమ్మట గాని బయటపడవు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినను, అకస్మాత్తుగా ఆయాసమో ఛాతీనొప్పియో కలిగినను, తక్షణమే ఆసుపత్రికి పోయి, తాము ఎన్ని గంటలు విమానములో కూర్చుండి వచ్చిరో వైద్యునికి మొదటనే తెలుపవలెను.