ఏ సైకిలు ఇంజను మోయగలదు?

గోదావరి డెల్టా సైకిలుకు పుట్టినిల్లు కాదు; కాని మెట్టినిల్లు అనడానికి సందేహించనక్కరలేదు. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం వద్ద ఆరంభించి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట నదీజలాలను కాలువలకు మళ్లించినది. కాలువలతో గట్లు వచ్చినవి. గట్లతో బాటలు వచ్చినవి. డెల్టా నడుమ కొండ లేదు, గుట్ట లేదు. అక్కడ ఎత్తు అంటే వంతెన ఎక్కడమే, పల్లం అంటే వంతెన దిగడమే. ఇటువంటి నేలపై సైకిలు బడిపంతులుకు వాహనమైనది, పాలవానికి బండియైనది, కొబ్బరికాయల వర్తకునికి ఎడ్లు లేని ఎద్దుబండియైనది.

అయినప్పటికీ సాయంకాలం సముద్రం వైపు నుంచి ఎదురుగాలి వీచినప్పుడు, క్యారేజి మీద బస్తా ఉన్నప్పుడు, ఏటిగట్టు మట్టి వానకు మెత్తబడినప్పుడు కాలిబలం చాలదు. అప్పుడు ‘దీనికొక చిన్న ఇంజను ఉంటే!’ అనే కోరిక పుట్టడం సహజము. చేలో మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు ఇంజను గొల్లుమని మ్రోగడం విన్న ప్రతి చురుకైన విద్యార్థికీ ఆ కోరిక ఒకసారైనా కలిగి ఉంటుంది. నేడు సైకిలుకు బిగించే ఇంజను సామగ్రి పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు కూడా. కొనేవారు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంజను ఎంత వేగం పోతుంది? అడగవలసిన ప్రశ్న అది కాదు. మన సైకిలు ఫ్రేము దానిని మోయగలదా అన్నది అసలు ప్రశ్న.

పెద్దలు నడచిన బాట

ఈ కోరిక క్రొత్తది కాదు. పారిస్ నగరంలో వెర్నర్ సోదరులు 1897లోనే సైకిలు ముందు చక్రం పైన ఇంజను అమర్చారు. బరువు ఎత్తున ఉండుటచేత ఆ బండి తడి వీధులలో జారి పడేది. 1901లో వారు ఇంజనును క్రిందికి దించి, పెడళ్ల ఇరుసు ఉండే చోట ఫ్రేములో భాగంగా కూర్చారు. నేటి మోటారు సైకిళ్లన్నీ దాదాపు ఆ ఏర్పాటునే అనుసరిస్తున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిమ్మట పెట్రోలు కరవు, డబ్బు కరవు గల దేశాలన్నిటా సైకిలు ఇంజన్లు పుట్టుకొచ్చినవి. ఫ్రాన్సులో 1946లో వచ్చిన వెలోసొలెక్సు ముందు చక్రాన్ని తిప్పినది. ఇంగ్లండులో 1950లో వచ్చిన సైకిల్‌మాస్టరు వెనుక చక్రంలోనే ఇమిడినది. జపానులో సొయిచిరో హోండా 1946లో సైన్యం వదలివేసిన చిన్న జనరేటరు ఇంజన్లను కొని సైకిళ్లకు బిగించి అమ్మాడు. కాని 1949 నాటికే ఆయన సొంత ఫ్రేము గల మోటారు సైకిలును తయారు చేశాడు.

మన దేశంలోనూ కథ ఇదే. తిరుపతిలోని కర్మాగారం ఒకప్పుడు ఫ్రెంచి మోటొబెకాన్ నమూనాపై సువేగా మోపెడ్లను తయారు చేసినది. 1972లో లూనా, 1980లో టి.వి.ఎస్. 50 వచ్చినవి. వీటన్నిటికీ పెడళ్లు ఉండేవి; చూపునకు సైకిలు చుట్టాలే. కాని వాటి ఫ్రేములు సైకిలు ఫ్రేములు కావు. ఇంజను బరువుకూ అదురుకూ లెక్క కట్టి చేసినవి. వడ్లబస్తాలూ చేపల పెట్టెలూ నేడు మన గట్ల మీద మోపెడ్ల పైననే సాగడానికి కారణం అదే.

అదురు అనే శత్రువు

సైకిలు ఫ్రేము ఒక చిన్న గణిత పాఠము. కడ్డీలతో కట్టిన ఆకారాలలో త్రిభుజం ఒక్కటే మూలల వద్ద వంగకుండా నిలుస్తుంది. అందుచేతనే మగవారి సైకిలులో ముందొక త్రిభుజము, వెనుక రెండు సన్నని త్రిభుజాలు ఉంటవి. పై కడ్డీ క్రిందికి వంగిన ఆడపిల్లల సైకిలులో ముందు త్రిభుజం తెరచుకొని ఉంటుంది. మనిషి బరువు మోయడానికి అది చాలును. ఇంజనుకు అందులో చోటూ లేదు, దాని అదురును తట్టుకొనే బిగువూ లేదు. కనుక ఆ ఫ్రేమును మొదటనే విడిచిపెట్టవలెను.

ఇక అదురు సంగతి. పెడలు త్రొక్కే మనిషి నిమిషానికి 60 సార్లు త్రొక్కితే గంటకు 3,600 సార్లు ఫ్రేము కొద్దిగా వంగి లేస్తుంది. ఒకే సిలిండరు గల చిన్న ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే గంటకు 2,40,000 సార్లు ఫ్రేమును కుదుపుతుంది. ఇనుప తీగను ఒకేసారి లాగితే తెగదు. అటూ ఇటూ పదే పదే వంచితే తెగుతుంది. జర్మనీకి చెందిన ఆగస్టు వోలర్ అనే ఇంజనీరు 19వ శతాబ్దంలో విరిగిపోయే రైలు ఇరుసులను పరిశోధించి ఈ లోహాల అలసటను శాస్త్రంగా నిలబెట్టాడు.

ఆయన పరిశోధనలో మనకు పనికివచ్చే అంశం ఒకటి ఉన్నది. ఉక్కుకు ఒక హద్దు కలదు. ఒత్తిడి ఆ హద్దుకు లోబడి ఉన్నంతకాలం ఎన్ని లక్షల సార్లు వంచినా అది విరగదు. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న కుదుపులు కూడా లెక్కలో చేరుతూనే ఉంటవి. పైగా అల్యూమినియం ఫ్రేము గొట్టాలు లావుగాను, గోడలు పలుచగాను ఉండుటచేత ఇంజను పట్టీలు సరిగా బిగియవు, బిగిస్తే నొక్కుకుపోతవి. కాబట్టి ఇంజనుకు ఉక్కు ఫ్రేమే తగినది. చీలిక వచ్చినా ఉక్కును ఊరిలోని వెల్డింగు షాపులో అతికించుకోవచ్చును.

అయితే తుప్పు పట్టిన ఉక్కు ఆ హద్దును కోల్పోతుంది. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం ప్రాంతాల ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలిచిన ఫ్రేము పైకి రంగుతో నిగనిగలాడవచ్చును. లోపల గొట్టం పలుచబడి ఉండవచ్చును. సీటు కడ్డీ ఊడదీసి గొట్టాన్ని తలక్రిందులు చేస్తే తుప్పు పొడి రాలుతుందేమో చూడవలెను. హ్యాండిలు క్రింది అతుకు వద్ద, పెడళ్ల ఇరుసు వద్ద రంగు గీకి వెంట్రుక వంటి చీలిక ఉన్నదేమో వెదకవలెను. ఇంజను బిగించడానికి ఫ్రేము గొట్టానికి రంధ్రం వేయమని ఎవరైనా చెబితే వినరాదు. ఆ రంధ్రపు అంచునే చీలిక పుడుతుంది.

దారంతో కొలత

ఫ్రేము ఎంపికకు ఖరీదైన పనిముట్లు అక్కరలేదు. ఒక దారము, ఒక స్కేలు, ఒక అట్టముక్క చాలును.

సాధారణంగా దొరికే ఇంజను పట్టీలు 28.6 మిల్లీమీటర్ల గొట్టాన్ని ఉద్దేశించి చేసినవి. గొట్టం వ్యాసం కొలవడం కష్టమైతే దాని చుట్టూ దారం చుట్టి పొడవు చూడవలెను. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దారం పొడవు 9 సెంటీమీటర్లు ఉంటే గొట్టం సరిపోయినట్లే. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది.

తరువాత ఇంజను ప్రక్క ఆకారాన్ని అట్టపై గీసి, కత్తిరించి, సీటు గొట్టానికీ క్రింది గొట్టానికీ నడుమ ఉంచి చూడవలెను. ఇక్కడ మన ప్రాంతపు పెద్ద సైకిలు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. బరువుల కోసం చేసిన డబుల్ బారు సైకిలు అన్నిటికంటె గట్టిదని అందరూ ఎరిగినదే. కాని ఆ రెండవ కడ్డీయే ఇంజను తల ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. దానిని కోసివేస్తే గట్టితనం పోతుంది. కనుక ఒకే పై కడ్డీ గల 22 లేక 24 అంగుళాల ఫ్రేము మేలు.

ఫ్రేము వంకర లేకుండా ఉన్నదో లేదో కూడా దారమే చెబుతుంది. వెనుక ఇరుసు గాడి వద్ద దారం కట్టి, హ్యాండిలు గొట్టం చుట్టూ త్రిప్పి, రెండవ ప్రక్క గాడికి తెచ్చి బిగించవలెను. సీటు గొట్టానికీ దారానికీ నడుమ ఎడం రెండు ప్రక్కలా సమానంగా ఉండవలెను. తేడా ఉంటే ఇంజను చెయిను తిన్నగా నడవదు, ఊడిపోతూ ఉంటుంది.

ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉండడం కూడ ముఖ్యము. మన పాతకాలపు సైకిళ్లలో చక్రాన్ని ముందుకూ వెనుకకూ జరిపి చెయినును బిగించవచ్చును. గాడి నిలువుగా ఉన్న ఫ్రేములో ఆ వీలు లేదు. చెయినును ఒక చిన్న చక్రంతో నొక్కి ఉంచవలసి వస్తుంది. ఆ చిన్న చక్రం పట్టు తప్పి పుల్లలలో పడితే వెనుక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. తరువాత ఏమి జరుగునో చెప్పనక్కరలేదు.

నలభై పుల్లల చిక్కు

మన పెద్ద సైకిలు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండడం ఆనవాయితీ. ఇంజను సామగ్రితో వచ్చే పళ్లచక్రం 9 బోల్టులతో పుల్లల నడుమ బిగుస్తుంది. అది 36 పుల్లల చక్రానికి చేసినది. 36ను 9తో భాగిస్తే 4; ప్రతి నాలుగు పుల్లలకూ ఒక బోల్టు చక్కగా అమరుతుంది. 40ని 9తో భాగిస్తే శేషం మిగులుతుంది. బోల్టులు పుల్లల మీద పడతవి. బలవంతంగా బిగిస్తే పుల్లలు ఒకటొకటిగా తెగుతవి. కనుక వెనుక చక్రాన్ని 36 పుల్లల హబ్బుతో, అన్నే రంధ్రాలు గల రిమ్ముతో మరల అల్లించుకొనవలెను. లేదా మొదటనే 36 పుల్లలు గల 26 అంగుళాల ఉక్కు సైకిలును, ముందు ఫోర్కులో స్ప్రింగులు లేనిదానిని ఎంచుకొనవలెను.

ఈ రెండవ మార్గంలో మరొక లాభమున్నది. పెద్ద సైకిలుకు ఉండే కడ్డీ బ్రేకులు నెమ్మదిగా పోయే మనిషికి చేసినవి. వానలో ఉక్కు రిమ్ము తడిస్తే అవి మరీ నీరసిస్తవి. లెక్క చూడండి. 60 కిలోల మనిషి, 20 కిలోల సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే గతిశక్తి సుమారు 700 జౌళ్లు. 12 కిలోల సామగ్రి చేర్చి 30 కిలోమీటర్ల వేగంతో పోతే అది 3,200 జౌళ్లకు చేరుతుంది. వేగం రెట్టింపైనది, బ్రేకు ఆపవలసిన శక్తి నాలుగున్నర రెట్లయినది. కాలువ గట్టున ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు ఈ లెక్క పుస్తకంలో ఉండదు. అందుచేత రెండు చక్రాలకూ అల్యూమినియం రిమ్ములు, గట్టి రబ్బరు దిమ్మల బ్రేకులు అమర్చ వీలైన ఫ్రేమునే తీసుకొనవలెను.

చట్టం చెప్పే మాట

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాలకు తక్కువై, 25 సి.సి.కి మించని ఇంజను గల బండి మోటారు వాహనం కాదు. కాని సైకిళ్ల కోసం 80 సి.సి. అని అమ్మే సామగ్రిలో ఇంజను నిజానికి 66 సి.సి. ఉంటుంది. దానిని బిగించిన సైకిలు చట్టం దృష్టిలో మోటారు వాహనమే. రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు లేకుండా అది రోడ్డు మీదికి రారాదు. 50 సి.సి.కి మించని మోటారు సైకిలుకైనా 16 ఏళ్లు నిండితేనే లైసెన్సు. 2019 సవరణ తరువాత మైనరు చేసిన నేరానికి తల్లిదండ్రులు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలుశిక్ష ఎదుర్కొనవలసి రావచ్చును. ఉపాధ్యాయులు ఈ మాట తరగతిలో చెప్పడం మంచిది.

25 సి.సి. అంటే చిన్నచూపు అక్కరలేదు. అటువంటి ఇంజను ఒక అశ్వశక్తికి దగ్గరగా ఇస్తుంది. ఒక అశ్వశక్తి 746 వాట్లు. తీరికగా త్రొక్కే మనిషి 100 వాట్ల చొప్పున ఇస్తాడు. అంటే ఏడుగురు కలిసి త్రొక్కినట్లు. ఎదురుగాలిని గెలవడానికి, వంతెన ఎక్కడానికి ఇది చాలును. శబ్దం, పొగ వద్దనుకొనేవారికి 250 వాట్ల లోపు విద్యుత్తు మోటారు ఉన్నది. దానికీ ఉక్కు ఫ్రేమే మేలు. మోటారు ఇరుసును మెలిపెట్టే బలాన్ని ఉక్కు గాడి ఓర్చుకొంటుంది.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఫ్రేము కొద్దీ ఇంజను. డెల్టాలో ఎన్నో ఇళ్లలో సైకిలు తండ్రి కష్టార్జితము. ఉదయం అది పనికి పోతుంది, సాయంకాలం పిల్లవానికి దొరుకుతుంది. ఇన్ని పరీక్షలలో ఒక్కటి తప్పినా దానికి ఇంజను బిగించక సైకిలుగానే ఉండనీయవలెను. చెయినుకు నూనె వేసి, చక్రాలకు గాలి నింపితే అది మరొక ఇరవై ఏళ్లు ఆ ఇంటికి కూడు పెడుతుంది.