రౌటర్లపై ఆప్టికల్ లింకుల పర్యవేక్షణ - అంతరాయానికి ముందే అందే సంకేతాలు

మండల కార్యాలయానికో, మీసేవ కేంద్రానికో ధ్రువపత్రం నిమిత్తం వచ్చిన పౌరునికి "సర్వర్ డౌన్" అన్న సమాధానం ఎదురవడం కొత్త కాదు. అయితే ఆ మాట చెప్పిన సమయంలో డేటా కేంద్రంలోని సర్వర్ ఎటువంటి లోపమూ లేకుండా పనిచేస్తూ ఉండవచ్చు. సర్వరుకు, కార్యాలయానికి నడుమ ఉన్న ఆప్టికల్ ఫైబర్ మార్గంలోనో, ఆ మార్గం కొనలలో ఉన్న రౌటర్ల ఇంటర్‌ఫేస్‌లలోనో అవరోధం ఏర్పడి ఉండవచ్చు. రెండింటికీ ఒకే పేరు పెట్టడం వలన ఫిర్యాదు సంబంధం లేని విభాగానికి చేరుతుంది. మరమ్మతు బృందం ఒక కొనకు వెళ్లవలసి ఉండగా మరొక కొనకు వెళుతుంది. దూర ప్రాంతాలలో ఒక పూటతో పోయే పని రెండు రోజులకు పెరిగేది ఇక్కడే.

ఆప్టికల్ లింకు చాలా సందర్భాలలో హఠాత్తుగా తెగిపోదు. పొక్లెయిన్ తగిలి కేబుల్ తెగిన సంఘటనలను మినహాయిస్తే, తక్కిన లోపాలలో అధిక భాగం రోజుల తరబడి క్రమంగా ముదురుతాయి. ఆ క్షీణతను రౌటర్ ఎప్పటికప్పుడు కొలుస్తూనే ఉంటుంది. దానిని చదివే ఏర్పాటు ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

లింకు "అప్" అంటే ఏమిటి?

రౌటర్‌లో అమర్చే ఎస్‌ఎఫ్‌పి వంటి చిన్న మాడ్యూల్ విద్యుత్ సంకేతాలను లేజర్ కాంతిగా మార్చి ఫైబర్‌లోకి పంపుతుంది. అవతలి నుండి వచ్చిన కాంతిని తిరిగి విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. సాధారణంగా పంపేందుకు ఒక ఫైబర్, స్వీకరించేందుకు మరొక ఫైబర్ ఉంటాయి. దూర ప్రాంతాలకు వాడే సింగిల్‌మోడ్ ఫైబర్‌లో కాంతి ప్రయాణించే గర్భభాగం వ్యాసం సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. శుద్ధమైన గాజు ద్వారా కాంతిని సుదూరం పంపవచ్చునని 1966లో చూపిన చార్లెస్ కావ్‌కు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పర్యవేక్షణ కేంద్రంలోని తెరపై ఇంటర్‌ఫేస్ పక్కన పచ్చని గుర్తు వెలుగుతూ ఉన్నంత మాత్రాన లింకు ఆరోగ్యంగా ఉన్నట్లు భావించరాదు. గుర్తించదగిన కాంతి అందుతున్నది, సంకేతాల వరుస నిలిచి ఉన్నది అని మాత్రమే ఆ గుర్తు తెలుపుతుంది. అందుతున్న కాంతి కనిష్ఠ పరిమితికి ఎంత దగ్గరగా ఉన్నదో, వచ్చిన డేటాలో ఎంత చెడిపోతున్నదో అది తెలుపదు. ఈ వివరాలకు మాడ్యూల్ ఇచ్చే కొలతలను, ఇంటర్‌ఫేస్ దోష కౌంటర్లను చూడవలసి ఉంటుంది.

ఈ సదుపాయం గల మాడ్యూళ్లు ఐదు అంశాలను నిరంతరం కొలుస్తాయి. అవి: ఉష్ణోగ్రత, సరఫరా వోల్టేజి, లేజర్‌కు అందే బయాస్ కరెంటు, పంపుతున్న కాంతి శక్తి, స్వీకరిస్తున్న కాంతి శక్తి. కాంతి శక్తిని డీబీఎం అనే ప్రమాణంలో చూపుతారు. ఒక మిల్లీవాట్ శక్తిని సున్నా డీబీఎంగా లెక్కిస్తారు. అక్కడి నుండి 3 తగ్గితే కాంతి సుమారు సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు అవుతుంది. కనుక మైనస్ 6 నుండి మైనస్ 12కు పడిపోయిందంటే, సంఖ్య చిన్నదిగా తోచినా కాంతిలో నాలుగింట మూడు వంతులు కోల్పోయినట్లే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు కార్యాలయాల మధ్య 8 కిలోమీటర్ల ఫైబర్ మార్గంలో 10 గిగాబిట్ల వేగంతో పనిచేసే "ఎల్ఆర్" తరగతి మాడ్యూళ్లు ఉన్నాయనుకుందాం. ఇవి 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో 10 కిలోమీటర్ల దూరం వరకు ఉద్దేశించినవి. ఈ తరంగదైర్ఘ్యం వద్ద కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ చొప్పున 2.8, రెండు కనెక్టర్లకు అర డెసిబెల్ చొప్పున 1, నాలుగు అతుకులకు 0.1 చొప్పున 0.4, వెరసి 4.2 డెసిబెళ్ల నష్టం సహజం. అవతలి రౌటర్ మైనస్ 2 వద్ద పంపుతుంటే ఇవతల మైనస్ 6.2 పరిసరాలలో అందాలి. కానీ రీడింగు మైనస్ 11 అని వస్తున్నది. ఈ తరగతి మాడ్యూల్ స్వీకరించగల కనిష్ఠ పరిమితి మైనస్ 14.4. కాబట్టి లింకు పనిచేస్తూనే ఉంటుంది, ఫిర్యాదులు రావు, తెర పచ్చగానే ఉంటుంది. అయినప్పటికీ మార్గంలో ఎక్కడో దాదాపు 5 డెసిబెళ్ల అదనపు నష్టం చోటుచేసుకున్నది. మరొక మూడున్నర డెసిబెళ్లు తగ్గితే సేవలు నిలిచిపోతాయి. మరమ్మతు చేపట్టవలసిన సమయం అదే.

ఈ సంఖ్యలను యథాతథంగా అన్నిచోట్లా అన్వయించరాదు. గ్రామ స్థాయిలో వాడే జీపాన్ విధానంలో ఒకే ఫైబర్‌ను స్ప్లిటర్ ద్వారా అనేక కనెక్షన్లకు పంచుతారు. 32 భాగాలుగా పంచినప్పుడే సుమారు 17 డెసిబెళ్లు తగ్గుతుంది. అందువలన ఇంటి వద్ద పెట్టెలో మైనస్ 20 చూపినా అది సాధారణమే. "బీ ప్లస్" తరగతి పరికరాలు మైనస్ 27 వరకు స్వీకరించగలవు. అదే మైనస్ 20 పై ఉదాహరణలోని రౌటర్ వద్ద కనిపిస్తే లింకు ఉండదు. మాడ్యూల్ తరగతి పేర్కొనని రీడింగు నివేదికలో చేరినా ప్రయోజనం లేదు.

కాంతి ఎక్కువైనా కష్టమే. 40 కిలోమీటర్లకు ఉద్దేశించిన "ఈఆర్" మాడ్యూళ్లను అందుబాటులో ఉన్నాయన్న కారణంగా నాలుగైదు కిలోమీటర్ల మార్గంలో అమరిస్తే, స్వీకరించే భాగం తట్టుకోగల మైనస్ 1 డీబీఎం పరిమితి దాటే ప్రమాదం ఉన్నది. అటువంటి చోట కాంతిని తగ్గించే అటెన్యుయేటర్ తప్పనిసరి.

మాడ్యూల్ కొలతలలో ప్రమాణాల ప్రకారమే మూడు డెసిబెళ్ల వరకు హెచ్చుతగ్గులు ఉండవచ్చు. కనుక ఒక రోజు రీడింగును బట్టి తీర్పు చెప్పడం కన్నా, లింకు ప్రారంభించిన నాటి రీడింగుతో పోల్చి చూడడం నమ్మదగిన పద్ధతి. ప్రారంభపు రీడింగులు నమోదు చేయని లింకుకు తదుపరి పర్యవేక్షణ సగం గుడ్డిదే.

అలారం ఏ వైపు చూపుతున్నది?

2000 దశకంలో దూర ప్రాంతాల లింకులలో ఎస్‌డీహెచ్ విధానం విస్తృతంగా వాడుకలో ఉండేది. ఆ విధానం ఏర్పరచిన అలారం పదజాలాన్ని అర్థం చేసుకోవడం నేటికీ ఉపయోగకరం. "లాస్ ఆఫ్ సిగ్నల్" అంటే కాంతియే అందడం లేదని అర్థం. "లాస్ ఆఫ్ ఫ్రేమ్" అంటే కాంతి అందుతున్నది కానీ అందులోని అమరిక అర్థం కావడం లేదు. "ఏఐఎస్" అలారం వస్తే స్థానిక ఫైబర్ బాగానే ఉన్నట్లు. అంతకు ముందున్న పరికరమేదో తనకు సంకేతం అందడం లేదని గుర్తించి ఆ సమాచారాన్ని ముందుకు పంపుతున్నది. అట్టి సందర్భంలో స్థానిక కార్యాలయంలో కనెక్టర్లు ఊడదీసి చూడడం వలన ఉన్న లింకు కూడా చెడవచ్చు.

అధికంగా అపార్థానికి గురయ్యేది "ఆర్‌డీఐ". ఇది అవతలి కొన పంపే సందేశం. నీవు పంపుతున్నది నాకు సరిగా అందడం లేదని దాని భావం. అంటే అలారం కనిపించేది ఇవతలి రౌటర్‌లో, స్వీకరించే మార్గం బాగున్న చోట; లోపం మాత్రం ఇవతలి నుండి అవతలికి వెళ్లే ఫైబర్‌లోనో, ఇవతలి లేజర్‌లోనో, అవతలి స్వీకరణ భాగంలోనో ఉంటుంది. నేటి 10 గిగాబిట్ల ఈథర్నెట్ లింకులలో "లోకల్ ఫాల్ట్", "రిమోట్ ఫాల్ట్" అనే సూచనలు ఇదే పని చేస్తాయి. రెండు ఫైబర్లలో ఒకటి మాత్రమే దెబ్బతిన్న సందర్భాలలో, ఈ ఒక్క సూచనను సరిగా చదివితే ఏ ఫైబర్‌ను పరీక్షించవలెనో బృందం బయలుదేరక ముందే తేలుతుంది.

ఎస్‌డీహెచ్‌లో సెకనుకు 8,000 ఫ్రేములు వెళతాయి. ప్రతి ఫ్రేములోనూ బీ1, బీ2, బీ3 అనే తనిఖీ బైట్లు ఉంటాయి. బీ1 సమీప విభాగానికి, బీ3 మొత్తం మార్గానికి సంబంధించినవి. బీ1, బీ2 నిలకడగా ఉండి బీ3 మాత్రమే పెరుగుతుంటే లోపం పొరుగు పరికరానికి ఆవల ఉన్నట్లు గ్రహించాలి.

కౌంటర్లను చదవడంలో మెలకువలు

ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్‌పై సీఆర్‌సీ దోషాల కౌంటర్ కీలకమైనది. చెడిపోయి వచ్చిన ప్రతి ఫ్రేమును అది లెక్కిస్తుంది. కానీ ఆ సంఖ్య చివరిసారి కౌంటర్‌ను సున్నా చేసినప్పటి నుండి పోగైన మొత్తం. నలభై వేల దోషాలు రెండేళ్ల కిందటి ఒక్క రాత్రిలో వచ్చినవి కావచ్చు. నాలుగు వందల దోషాలు గడచిన పది నిమిషాలలోనివి కావచ్చు. రెండవదే అత్యవసరం. పది నిమిషాల వ్యవధిలో రెండుసార్లు చదివి వ్యత్యాసాన్ని చూడడం సరియైన విధానం. కౌంటర్‌ను సున్నా చేయడానికి ముందు పాత విలువను నమోదు చేయాలి. లేనిపక్షంలో సాక్ష్యం చెరిపివేసినట్లవుతుంది.

బయటకు పంపే వైపు "డ్రాప్స్" పెరగడం వేరే విషయం. అది లింకు సామర్థ్యానికి మించి రద్దీ ఉన్నదని తెలుపుతుంది. ఫైబర్‌తో దానికి సంబంధం లేదు. ఇక 100 గిగాబిట్ల వంటి అధిక వేగపు లింకులలో దోషాలను రౌటర్ స్వయంగా సవరించే ఎఫ్‌ఈసీ ఏర్పాటు ఉంటుంది. వినియోగదారునికి ఏమీ తెలియకుండానే లోపల దోషాలు పెరుగుతూ, సవరించగల హద్దు దాటిన క్షణంలో లింకు ఒక్కసారిగా కూలిపోతుంది. ఇటువంటి లింకులలో సవరించిన దోషాల సంఖ్యయే తొలి హెచ్చరిక.

రెండు కొనల రౌటర్ల గడియారాలు ఒకే సమయం చూపకపోతే లాగ్‌లను పోల్చలేము. ఎన్‌టీపీ ద్వారా సమయాన్ని సమన్వయం చేయడం చిన్న పనే అయినా, ఏ కొనలో లోపం ముందు తలెత్తిందన్న వివాదం దీనితోనే తీరుతుంది.

ధూళి, వంపు, ఎండ

కారణాలలో ధూళిది ప్రముఖ స్థానం. 9 మైక్రాన్ల గర్భభాగంపై కంటికి కనిపించని రేణువు చేరినా కాంతి గణనీయంగా అడ్డగించబడుతుంది. కనెక్టర్‌ను మైక్రోస్కోపుతో పరిశీలించి, తగిన సాధనంతో శుభ్రపరచి, మళ్లీ పరిశీలించిన పిమ్మట మాత్రమే అమర్చాలి. చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం పరిపాటిగా కనిపించే అలవాట్లు, రెండూ హానికరమే. పనిచేస్తున్న ఫైబర్ కొనను కంటితో నేరుగా చూడరాదు. ఈ లేజర్ కాంతి పరారుణమైనది, కనిపించదు, కంటికి హాని చేయగలదు.

ఫైబర్ ఎక్కడైనా బిగువుగా వంగితే 1310 కన్నా 1550 నానోమీటర్ల వద్ద నష్టం హెచ్చుగా ఉంటుంది. రెండింటితోనూ పరీక్షించి తేడా కనిపిస్తే వంపుగా, ఇంచుమించు సమానంగా ఉంటే కనెక్టర్ లేదా అతుకు లోపంగా అనుమానించవచ్చు. ర్యాకు తలుపు మూసినప్పుడు ప్యాచ్ కార్డు నలగడం వంటి సామాన్య కారణాలు దీనితో బయటపడతాయి.

రెంటచింతల, ఖమ్మం ప్రాంతాల వేసవిని ఎరిగినవారికి ఉష్ణోగ్రత రీడింగు ప్రాముఖ్యం వేరుగా చెప్పనవసరం లేదు. సాధారణ శ్రేణి మాడ్యూళ్లు 70 డిగ్రీల సెల్సియస్ వరకే ఉద్దేశించినవి. ఏసీ ఆగిన గదిలో, మూసిన పెట్టెలో ఆ హద్దు దూరమేమీ కాదు. పంపే కాంతి స్థిరంగా ఉండి బయాస్ కరెంటు నెలల తరబడి పెరుగుతూ ఉంటే లేజర్ వృద్ధాప్యానికి చేరినట్లు. అట్టి మాడ్యూల్‌ను పని ఒత్తిడి లేని సమయంలో మార్చివేయడం మేలు.

తెగిన చోటు

కాంతి పూర్తిగా ఆగినప్పుడు ఓటీడీఆర్ పరికరం అవసరమవుతుంది. ఇది ఫైబర్‌లోకి కాంతి స్పందనను పంపి, వెనుకకు మరలి వచ్చిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కిస్తుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఒక కిలోమీటరు దూరానికి వెళ్లి వచ్చేందుకు 10 మైక్రోసెకన్లు పడుతుంది. అయితే గుంతల వద్ద, స్తంభాల వద్ద అదనపు కేబుల్ చుట్టలు వదలుతారు కనుక, ఓటీడీఆర్ చూపిన 5.2 కిలోమీటర్లు రోడ్డుపై 5.2 కిలోమీటర్లు కావు. చుట్టల వివరాలు నమోదైన మార్గపటం లేకపోతే బృందం కల్వర్టు దాటి అనవసరంగా తవ్వుతుంది.

తవ్వకాల నష్టాన్ని నివారించేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్‌ను ప్రారంభించింది. తవ్వబోయే సంస్థకు, భూగర్భ ఆస్తుల యజమానులకు మధ్య ముందస్తు సమాచారం అందించడం దీని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వలె విద్యుత్ స్తంభాల మీదుగా వేసిన కేబుళ్లకు పొక్లెయిన్ బెడద తక్కువైనా గాలి, చెట్ల కొమ్మల బెడద ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో విద్యుత్తుతో పాటు సమాచార వ్యవస్థనూ స్తంభింపజేసిన సంగతి విదితమే. గాలి వీచినప్పుడల్లా స్వీకరణ శక్తి ఎగుడుదిగుడుగా మారుతుంటే, తుపాను కాలానికి ముందే ఆ స్తంభాల మధ్య కేబుల్‌ను తనిఖీ చేయించాలి.

రింగు వెనుక దాగిన లోపం

2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా ఆమోదం పొంది, తరువాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకానికి 2023లో కేంద్ర మంత్రివర్గం సవరించిన రూపాన్ని ఆమోదించింది. అందులో రింగు పద్ధతికి ప్రాధాన్యమిచ్చారు. రింగులో ఒకచోట కేబుల్ తెగినా రద్దీ రెండవ వైపు నుండి మళ్లుతుంది. ఇది గొప్ప సదుపాయం. దీనితోనే ఒక చిక్కు కూడా ఉన్నది. మొదటి కోత వినియోగదారునికి తెలియదు, ఫిర్యాదు నమోదు కాదు, మరమ్మతు వాయిదా పడుతుంది. రెండవ కోత పడిన రోజున నడుమ ఉన్న కార్యాలయాలన్నీ ఒకేసారి విడివడతాయి. నివేదికలో అది ఒక కోతగానే కనిపిస్తుంది.

అందుచేత సేవలు ఆగకపోయినా, రింగులో ఒక ఇంటర్‌ఫేస్ డౌన్ అయిన వెంటనే దానిని అంతరాయంగానే నమోదు చేసి గడువు విధించడం అవసరం. మరమ్మతు పూర్తయినట్లు బృందం ఇచ్చే పత్రంలో రెండు కొనల పంపు, స్వీకరణ శక్తి రీడింగులు, కొత్తగా పడిన అతుకుల సంఖ్య, వాటి స్థానం, పది నిమిషాల వ్యవధిలో సీఆర్‌సీ వ్యత్యాసం జతచేయించుకోవాలి. అతుకు చేరినందున మారిన ఆ రీడింగే తదుపరి తనిఖీలకు ప్రారంభపు కొలత అవుతుంది.